పెద్ద దొరసాని ఏమైంది

ముందే మన్నించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక. ఒత్తుల దగ్గర చేయి ఇప్పటికీ తడబడుతుంది. ఒక పేజీ రాయాలంటే పొద్దున కూర్చుంటే మధ్యాహ్నమవుతుంది. మధ్యలో పొయ్యి మీద అన్నం కూడా చూసుకోవాలి. తప్పులుంటే మీరే సరిచేసుకుని చదవండి. నేను చెప్పబోయేది ఒక శనగ కోతల కాలం గురించి. ఆ కాలంలోనే ‘రాతికోట కోడలు’ సీరియల్ అయిపోయింది.

చూడనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. అది పాలెగాళ్ల కాలం కథ. రాతికోట పాలెగాడు, అతని కొడుకు యుద్ధంలో పోతారు. కొడుకు భార్య అక్కాదేవి, తల్లి పెద్ద దొరసాని మిగులుతారు. మగదిక్కు లేని ఆ కోటను అత్తాకోడళ్లిద్దరూ నిలబెడతారు. చాలా కాలం నడిచింది. ఆళ్లగడ్డలో ఏ వీధికి పోయినా ఆ వేళకు అదే పాట వినబడేది. చివరికొచ్చేసరికి గుర్రాలకు వైద్యం చేసే వీరన్న అనే మనిషి కోటలోకి వచ్చాడు. అప్పటి నుంచి అందరికీ ఒకటే ప్రశ్న. అక్కాదేవి ఉంటుందా, పోతుందా?

మా ఇంట్లోనూ అత్తాకోడళ్లమే. నా భర్త అబ్రహాము ముందే పోయాడు. నా కొడుకు రూబెన్, నంద్యాల దగ్గర బండి ఆత్మకూరు ఊరి రోడ్డు మీద, లారీ కింద పడి పోయాడు. జ్ఞాపకార్థ కూడిక అయిన మరుసటి రోజే కోడలు వినీత వాళ్ల అన్న దగ్గరికి అవుకు వెళ్లిపోతుందని అందరూ అనుకున్నారు. ఆమె వెళ్లలేదు. నంద్యాలలో ఒక బడిలో పంతులమ్మ పని వెతుక్కుంది. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేది. నేను కూలికి పోయేదాన్ని. ఎందుకు ఉన్నావని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

రూబెన్ పోయినప్పటి నుంచి మా ఇంట్లో టీవీ పెట్టలేదు. సాయంత్రం మా వీధి చివర భ్రమరాంబక్క అంగడికి పోయేవాళ్లం. ఆమె భర్త మహానందయ్య తూకం వేస్తుంటే, ఆమె బియ్యం బస్తాల మధ్య స్టూలు వేసుకుని టీవీ చూసేది. మేము గడప మీద కూర్చునేవాళ్లం. ప్రకటనలు వచ్చినప్పుడు ఫోన్లో జనం ఏం రాస్తున్నారో వినీత చదివి చెప్పేది. ఆ రాతలు సీరియల్ కన్నా బాగుండేవి. నాకు అవి నేనే చదువుకోవాలని బుద్ధి పుట్టింది. బైబిలు చదువుకోవడానికి అక్షరాలు నేర్చుకుంటున్నానని మా గుడి పాస్టరు అయ్యగారితో చెప్పాను. అది సగమే నిజం. వినీత నాకు పలక కొనలేదు. ఫోన్లో ఆ రాతలు తెరిచి, "ఇది చదువు అత్తా" అనేది. నేను మొదట కూడబలుక్కుని చదివిన పూర్తి వాక్యం, ‘దొరసాని కళ్లతోనే చంపేసింది’.

ఆ సంవత్సరం సంక్రాంతి పోయాక అయ్యగారు ఒక సాయంత్రం ఇంటికి వచ్చారు. వినీత ఇంకా బస్సు దిగలేదు.

"హన్నమ్మా, ఒక మాట. వినీత పనిచేసే బడిలో లెక్కల సారు ప్రేమ్ సాగర్ అని, మన సంఘాల పిల్లోడే. వినీతను చేసుకుంటానని అడిగినాడు. వాళ్లింట్లో ఒప్పుకున్నారు."

"వినీత ఏమన్నాది?"

"అత్తను అడగాల అన్నాదంట. నిన్ను అడిగిందా?"

"లేదు."

అయ్యగారు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. "శ్రమదినాలు వచ్చినాయంటే ఆ నలభై పొద్దులు పెండ్లిళ్లు చేయం. మళ్ళ ఈస్టరు దాకా ఆగాల. వాళ్లు అంతవరకు ఆగేటట్టు లేరు, వేరే సంబంధం చూస్తాండారు. ఏదో ఒకటి బేగా తేల్చండి."

వినీత వచ్చింది, అయ్యగారు వచ్చిపోయారని చెప్పాను. ఆమె సరేనని చేతిసంచి మేకుకు తగిలించింది. అంతే. ఆ సంగతి మేము మాట్లాడుకోలేదు. అక్కాదేవి సంగతి మాట్లాడుకున్నాం.

"ఆ వీరన్న మంచోడేనంటావా?" అని ఒకరోజు నేను.

"గుర్రాలు ఆయన మాట వింటాండాయి గదా అత్తా."

"గుర్రాల మాట అడగలే."

"మంచోడే," అంది వినీత, కూర తిప్పుతూ.

అప్పుడు కోయిలకుంట్ల వైపు శనగ కోతలు. పెద్ద చేలల్లో మిషన్లు దిగుతాయి. గట్ల పక్కన, మూలల్లో, మిషన్ తిరగని చోట మాలాంటి వాళ్లం పీకుతాం. ఎండ ఎక్కితే కాయ రాలిపోతుంది, మంచు ఆరకముందే పీకాలి. ఆ తడిలో శనగ పులుపు చేతులకు పట్టుకుంటుంది. మొదట మంట పుడుతుంది, నాలుగు పొద్దులు పోయాక మంట కూడా తెలియదు. వేడి గ్లాసు పట్టుకున్నా వేళ్లకు వేడి అనిపించదు. ఆ కోతల కాలమంతా నేను అట్లాగే ఉన్నాను. వినీత పోతే నా ఇంట్లో నేనొక్కదాన్నే అని తెలుసు. తెలిసిన సంగతి తెలిసినట్టే ఉంది, ఎక్కడా నొప్పి పుట్టలేదు.

చివరి భాగం వచ్చిన రోజు అంగడి ముందు కాలు పెట్టడానికి చోటు లేదు. మహానందయ్య బేరాలు మానుకుని కూర్చున్నాడు. సబ్బు అడిగిన వాణ్ని భ్రమరాంబక్క కసిరింది. "సబ్బు యాడికీ పోదు లేప్పా, ఉండు!"

రాతికోటకు పెద్ద తలుపు, ఆ తలుపులోనే వంగి దాటేంత చిన్న తలుపు ఉంది. వేకువన అక్కాదేవి నగలన్నీ పళ్లెంలో పెట్టి, నూలు చీర కట్టుకుని ఆ చిన్న తలుపు దగ్గరికి వచ్చింది. పెద్ద దొరసాని దీపం పట్టుకుని వెనకాలే వచ్చింది. ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. అక్కాదేవి వంగి బయటికి దాటింది. దొరసాని లోపలి నుంచి గడియ వేసింది. గడియ చప్పుడు వినబడింది. ఆ తర్వాత గుర్రం, వీరన్న, అక్కాదేవి, కొండలు, పాట, శుభం.

ముందు భ్రమరాంబక్కే లేచింది.

"ఇదేం ముగింపప్పా! ఇన్నేండ్లు దీనికోసమా వంట ఎగ్గొట్టుకుని చూసినాం? అంత పరువు గల ఇల్లు! గుర్రాల మందులోడి ఎనకాల పోతాదా? బురుజు మీంచి దూకి చచ్చిపోయింటే ఎంత బాగుండు! ఏడ్చుకుంటా పోయిండేవాళ్లం."

"నీకు ఏడ్చేకి ఎవరో ఒకరు చావాలనా?" అన్నాడు మహానందయ్య.

"నువ్వు ఊరికే ఉండు. ఆడముండ, మొగుని బొమ్మ గోడకు ఉండంగా..."

"బొమ్మతో ఏం మాట్లాడతాది పాపం," అంది గుంపులోంచి ఒకామె. "పోనీ మంచి పనే చేసింది. నాకైతే నీళ్లు తిరిగినాయి."

"నీకు ఉల్లిగడ్డ కోసినా నీళ్లు తిరుగుతాయిలే!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వినీత నా పక్కన గడప మీద కూర్చుని, కాలి వేలితో నేల మీద గీతలు గీస్తోంది. మా ఇంటి సంగతి అప్పటికి వీధిలో ఎవరికీ తెలియదు. అందరూ అక్కాదేవిని అనే మాటలన్నీ ఆమె మీదుగా పోయి టీవీకి తగులుతున్నట్టు నాకు అనిపించింది.

మరునాడు ఆదివారం. వినీత స్నానానికి పోయినప్పుడు ఆమె ఫోన్ తీసుకుని జనం రాతలు చదవడానికి కూర్చున్నాను. పుట్టలు పుట్టలుగా రాశారు. ‘సూపర్ ముగింపు.’ ‘నాలుగేండ్లు చూసినందుకు చెప్పుతో కొట్టినారు.’ ‘అక్కాదేవి మా అందరి ధైర్యం.’ ‘పాలెగాళ్ల పరువు తీసినారు.’ ‘నాకు సంతోషమో దుఃఖమో తెలియడం లేదు, రాత్రి అన్నం తినలేదు.’ ఒకరు గుర్రం రంగు మారిందని రాశారు. నేను వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకుంటూ పోయాను. పోయిన పిల్ల గురించే అందరి తగువు. గడియ వేసిన ముసలామె గురించి ఒక్కరూ అడగలేదు. దీపం పట్టుకుని తిరిగి ఏ గదిలోకి పోయింది? పొద్దున లేచి ఏం చేసింది?

కింద రాయడానికి చోటుందని నాకు తెలుసు. ఎప్పుడూ రాయలేదు. ఒక్కొక్క అక్షరం వెతికి నొక్కాను. ‘పెద్ద దొరసాని ఏమైంది? ఆమెకు ఎవరు ఉన్నారు?’ బాణం గుర్తు నొక్కితే పోతుందని వినీత చేస్తుండగా చూశాను. నొక్కాను. పోయింది. నేను లోకానికి రాసిన మొదటి మాట అది. ఎవరికీ చెప్పకుండా ఫోన్ తీసిన చోటే పెట్టాను.

ఫోన్ ఎవరిదైతే రాత వాళ్ల పేరుతో పోతుందని నాకు తెలియదు. రాసిన చేయి ఎవరిదో ఫోను కనిపెడుతుందనుకున్నాను.

రెండు పొద్దులు పోయాక చూస్తే జవాబులు వచ్చి ఉన్నాయి. నా కళ్లు నేనే నమ్మలేకపోయాను. ‘ఆమెను తర్వాతి సీరియల్లో పెడతారు.’ ‘ముసలామె కథ ఎవరికి కావాల?’ ఒకటి మాత్రం ఇట్లా ఉంది: ‘ఆమె కూడా వాళ్లతోనే వెళ్లింది. చూపించలేదు, అంతే.’ దాని కిందే ఇంకెవరో రాశారు: ‘గుర్రం మీద ముగ్గురు పడతారా అన్నా?’ దానికి మళ్లీ మొదటి మనిషే: ‘బండి కడతారు.’ అతని పేరు ఇంగ్లీషులో ఉంది. నాకు ఇంగ్లీషు రాదు. ఎవరో తెలియని మనిషి దొరసానికి బండి కట్టాడే అనుకున్నాను.

ఆ శనివారం సాయంత్రం ప్రేమ్ సాగర్ మా ఇంటికి వచ్చాడు. అంతవరకు నేను అతన్ని చూడలేదు. సన్నగా, కళ్లద్దాలతో, తల పైగడపకు తగిలేంత పొడుగు. వినీత అప్పుడే బట్టలు తీసుకుని లోపలికి వస్తోంది. అతన్ని చూసి అక్కడే నిలబడిపోయింది.

"ఏందీ సార్, ఈడికి వచ్చినారు?"

"నువ్వు అడిగినదానికి జవాబు రాసినా. మళ్ళ నువ్వేమీ అనలే. బడిలో మాట్లాడితే పలకలే. అందుకే వచ్చినా."

"నేనేం అడిగినా?"

అతను ఫోన్ తీసి దొరసాని ప్రశ్న, దాని కింద తన బండి జవాబు చూపించాడు. వినీత బట్టలు భుజం మీద వేసుకుని చదివింది. "పేరు నాదే. ఇది నేను రాయలే," అంది. ఇంకొకసారి చదివింది. తర్వాత ఇద్దరూ నావైపు తిరిగారు. నేను చేటలో శనగలు చెరుగుతున్నాను.

"నేనే రాసినా," అన్నాను.

వినీత ముఖం ఎట్లా ఉందో నేను చూడలేదు.

"సీరియల్ గురించి రాసినా," అన్నాను మళ్లీ.

ప్రేమ్ సాగర్ వంగి గడప దాటి లోపలికి వచ్చి, నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "సీరియల్ గురించేనామ్మా?"

"సీరియల్ గురించే."

"మా అమ్మ చూస్తాది. నేను అప్పుడప్పుడు చూస్తా, అంతే," అన్నాడు. కాసేపటికి, "నేను రాసింది మాత్రం సీరియల్ గురించి కాదు," అన్నాడు.

నేను చేట చెరుగుతూనే ఉన్నాను. పొట్టు ఎగిరి అతని ప్యాంటు మీద పడింది. దులుపుకోలేదు. నంద్యాలలో వాళ్లది రెండు గదుల ఇల్లనీ, మిద్దె మీద ఇంకో గది ఉందనీ, తల్లి ఎక్కువగా చిన్నకొడుకు దగ్గరే ఉంటుందనీ చెప్పాడు. "మీరూ వస్తే బాగుంటాది," అన్నాడు.

"నేను రాను నాయనా. నాకు ఇల్లుంది."

"ఆలోచించండి."

"ఆలోచించేదేం లేదు. టీ తాగిపో."

అతను పోయాక వినీత బట్టలు మడత పెడుతూ, నావైపు చూడకుండా అంది: "నేను పోను అత్తా. రేపు అయ్యగారికి చెప్పేస్తా. నువ్వు దాని గురించి బాధపడొద్దు."

ఆ మాటకు నాకు సంతోషం కలగాలి. అందుకోసమే అప్పటిదాకా ఎదురు చూశానేమో. లోపల వెతుక్కున్నాను. సంతోషమూ లేదు, బాధా లేదు. చేటలో శనగలు మాత్రం ఉన్నాయి. ఆమె చేతుల కింద రూబెన్ చొక్కా ఒకటి ఉంది. దాన్ని ఇంకా ఉతికి మడత పెడుతూనే ఉంది. మూడేళ్లుగా ఎవరూ తొడగని చొక్కా ఎట్లా మాస్తుందో నేనెప్పుడూ అడగలేదు.

"శ్రమదినాలు దగ్గరికొచ్చినాయి," అన్నాను. "మూడు ఆదివారాలు ప్రకటన చదవాల గదా. రేపటి నుంచి మొదలుపెడితేనే సరిపోతాది. అయ్యగారికి ఆ మాట చెప్పు."

వినీత మడత పెట్టడం ఆపింది. "అత్తా..."

"మీ అన్నకు ఫోన్ చెయ్. ప్రకటన పొద్దుకు ఉండాల ఆయన."

మా సంఘంలో ఒక అలవాటు ఉంది. అయ్యగారు పెండ్లి ప్రకటన చదివేటప్పుడు పిల్లను ఇచ్చేవాళ్లు లేచి నిలబడతారు. ఎవరి పిల్లో సంఘానికి తెలియడానికి. తండ్రి నిలబడతాడు, తండ్రి లేకపోతే అన్న. ఎవరూ నిలబడకపోతే ఆ పిల్లకు ఎవరూ లేరని అర్థం. అట్లాంటి పిల్లను చాలా మంది చాలా మాటలంటారు.

వినీత అన్న డేవిడ్ వస్తానన్నాడు. మరునాడు గుడిలో ఆడవాళ్లం చాపల మీద ఒకవైపు, మగవాళ్లు బెంచీల మీద ఒకవైపు. పాటలు అయినాయి, కానుకలు పట్టారు. నేను మగవాళ్ల వైపు చూస్తూనే ఉన్నాను. డేవిడ్ రాలేదు. తర్వాత తెలిసింది, అవుకు నుంచి బయలుదేరనే లేదని. జనం ఏమనుకుంటారో అని భయపడ్డాడట.

అయ్యగారు కాగితం తీశారు. "నంద్యాల సంఘస్థుడు ప్రేమ్ సాగర్‌కును, ఈ సంఘస్థురాలు, కీర్తిశేషులు రూబెన్ భార్య వినీతకును వివాహము నిశ్చయమైనది. ఇది మొదటి ప్రకటన." గుడి అంతా తలలు తిరిగాయి. వినీత ముసుగు కిందికి లాక్కుంది. ఎవరూ లేవలేదు. నేను డేవిడ్ కోసం వాకిలి వైపు చూస్తున్నాను. అయ్యగారు కూడా ఒక క్షణం ఆగి చూసి, చదవడం మొదలుపెట్టారు. "వీరిద్దరిని పరిశుద్ధ వివాహమందు జతపరచకూడదని ఎవరికైనను న్యాయమైన అభ్యంతరము తెలిసినయెడల..."

అప్పుడు నేను లేచాను.

వెనకాల కూర్చున్నామె నా కొంగు పట్టి గుంజింది. "వద్దు హన్నమ్మా, కూచో. గుడిలో వద్దు. ఏమన్నా ఉంటే ఇంటికాడ మాట్లాడుకుందురు." నాకు అర్థం కాలేదు. వినీత తల ఎత్తి నన్ను చూసింది. ఆమె ముఖం తెల్లబోయి ఉంది. అయ్యగారు కళ్లద్దాలు తీశారు.

"హన్నమ్మా, అభ్యంతరం చెప్పాలనా?"

"లేదయ్యగారూ."

"మరి?"

"పిల్ల తరఫున ఎవురూ లేవలేదు. అందుకని లేచినా."

అయ్యగారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. పెట్టుకోవడానికి కొంచెం సేపు పట్టింది. "చదవమంటావా?"

"చదవండి."

చదివేదాకా నిలబడే ఉన్నాను. తర్వాత కూర్చున్నాను. వినీత నా చేయి పట్టుకుంది. పట్టుకుందని కంటితో చూశాను కాబట్టి తెలుసు, చేతికి తెలియలేదు. శనగ పులుపు ఇంకా వదలలేదు. మిగతా రెండు ఆదివారాలు కూడా నేనే నిలబడ్డాను. డేవిడ్ మూడో ఆదివారం వచ్చి నా పక్కనుంచే పోయి బెంచీ మీద కూర్చున్నాడు. లేవలేదు.

సంగతి వీధిలో తెలిశాక భ్రమరాంబక్క నన్ను అంగడి ముందు ఆపింది.

"ఏందీ హన్నమ్మా! నేను ఆ పొద్దు అక్కాదేవిని అన్ని మాటలు అంటాంటే నోరు మూసుకుని కూచుంటివే!"

"నువ్వు అక్కాదేవిని గదా అంటాండావు."

"అంతే, అంతే. అది దొరల ఇల్లు. మనకేం పోటీ?" కాసేపు పొట్లం దారం చుట్టింది. "బురుజు మీంచి దూకమన్నా కూడా గదా నేను. వినీత ఏమనుకున్నాదో ఏమో."

"ఏమీ అనుకోలేదులే అక్కా."

"ఆ పిల్లకు చెప్పు. నాకు నోరెక్కువ గానీ..." అని ఆగిపోయింది. లోపలికి పోయి బెల్లం దిమ్మ ఒకటి తెచ్చి నా సంచిలో వేసింది. "పెండ్లి పాయసానికి. వద్దనొద్దు."

శ్రమదినాలకు ముందే నంద్యాలలో పెండ్లి జరిగింది. పాయసం బాగుంది. నేను ఏడుస్తానని కొందరు నన్నే చూస్తూ కూర్చున్నారు. నాకు ఏడుపు రాలేదు. సాయంత్రం బస్సుకు ఆళ్లగడ్డకు వచ్చేశాను. కోతలు అయిపోయాయి, పని లేదు. రూబెన్ చొక్కాలు వినీత తీసుకుపోలేదు, నేనూ ఉతకలేదు. పొద్దు పోని పూట జనం రాతలు చదువుకుందామంటే నా దగ్గర అట్లాంటి ఫోన్ లేదు. బైబిలు చదివాను. నెమ్మదిగా అయినా చదవగలిగాను.

ఈస్టరు అయ్యాక వినీత వచ్చింది. రమ్మని అడుగుతుందేమో, ఏమని చెప్పాలి అని ఆలోచిస్తున్నాను. ఆమె అడగలేదు. మంచం మీద కూర్చుని విసుగ్గా అంది:

"ఆ ఇంట్లో కుళాయి నీళ్లు పొద్దున నేను బడికి పోయినాక వస్తాయత్తా. ఆయన అంతకంటే ముందే పోతాడు. బిందెలు ఖాళీగా ఉంటాండాయి. పట్టేకి మనిషి లేదు."

"పక్కింటోళ్లను అడగరాదా?"

"ఎన్ని పొద్దులని అడుగుతా?"

నేను లేచి రెండు చీరలు సంచిలో పెట్టుకున్నాను. వారం చూసి వస్తానన్నాను. ఆ వారం ఇంకా అయిపోలేదు.

ఈ కథ చదివి మీలో కొందరు బాగుందంటారు, కొందరు ఆ ముసలామె కోటలోనే ఉండి ఉంటే బాగుండేదంటారు. నాకు ఇప్పటికీ తెలియదు. సంతోషంగా ఉన్నావా అని భ్రమరాంబక్క ఫోన్ చేసి అడుగుతుంది. ఏం చెప్పాలో తోచదు. పొద్దున ఇల్లంతా ఖాళీ అయ్యాక బిందె తీసుకుని కుళాయి దగ్గర నిలబడతాను. నీళ్లు వచ్చే ముందు కుళాయి కాసేపు గాలి ఊదుతుంది. అప్పుడు బిందె కింద పెట్టాలి. ఆలస్యమైతే మొదటి నీళ్లు నేల పాలు.

హన్నమ్మ,
అరవై మూడేళ్లు,
నంద్యాల.